చెట్టు మీద గుడిసె, చేపల బుట్టల గది

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో ఒక డిసెంబరు. మా అమ్మాయి గౌరికి ఆరేళ్లు, అబ్బాయి చంటికి రెండున్నర. నేను విజయనగరంలో దర్జీని. బడి చదువు పదో తరగతితో ఆగింది. తక్కినదంతా శాఖా గ్రంథాలయంలో సాయంత్రాలు కూర్చుని చదువుకున్నదే. అక్కడే ఒక పత్రికలో అరకు పద్మాపురం తోట గురించి చదివి ఇంట్లో వర్ణించాను. పిల్లలెక్కే బొమ్మరైలు ఉందట, చెట్ల మీద గుడిసెలున్నాయట, వాటిలో రాత్రి పడుకోవచ్చట అన్నాను. ఆ చివరి మాట గౌరి పట్టుకుంది. చెట్టు మీద పడుకోబోతున్నానని బడిలో అందరికీ చెప్పేసింది.

నా భార్య పార్వతి మాత్రం నేల మీద గది, గట్టి గడియ ఉన్న తలుపు ఉంటేనే వస్తానంది. చంటి కంటికి కనబడిందల్లా ఎక్కే వయసులో ఉన్నాడు. అలా ప్రయాణం ఖాయమైంది గానీ, బస ఎక్కడో తేలకుండానే బయల్దేరాం.

ఆదివారాలు జనం ఎక్కువని గురువారం ఎంచుకున్నాను. మర్నాడు శుక్రవారం అరకు సంత, అదీ చూడొచ్చు. తెల్లవారకముందే ఇల్లు వదిలి, కొత్తవలసలో కిరండోల్ పాసింజరు ఎక్కాం. పెట్టెలో నడిచే దారి పొడవునా ఎండుచేపల బుట్టలు. ముక్కు మూసుకున్న ఒక పెద్దమనిషి వేరే పెట్టెకు వెళ్లిపోతే ఆ జాగాలో మేం నలుగురం సర్దుకున్నాం. బుట్టల యజమానురాలు భీమిలి దగ్గరి పల్లెకు చెందిన నూకాలమ్మ. యాభై దాటిన మనిషి, నోట్లో చుట్ట, అది మాత్రం వెలిగించలేదు. చంటి పది నిమిషాల్లో ఆవిడ ఒళ్లోకి చేరాడు.

శృంగవరపుకోట దాటాక కొండలు మొదలయ్యాయి. ఈ రైలుదారి ఇనపరాయి కోసం వేశారనీ, సొరంగాలెలా తొలిచారనీ నేను పిల్లలకు చెబుతున్నాను. సొరంగం వచ్చినప్పుడల్లా పిల్లలు అరిచే కేకల్లో నా మాటలు సగం కొట్టుకుపోయాయి. నూకాలమ్మ పార్వతి వైపు తిరిగి, "మీ ఆయన రైలుకి కూడా పాఠం సెప్పేత్తన్నాడు తల్లీ," అంది. పార్వతి కొంగు అడ్డం పెట్టుకుని చాలాసేపు నవ్వింది.

అరకులో బస ఎక్కడని నూకాలమ్మ అడిగితే, గురువారం కదా, ఏ లాడ్జిలోనైనా గది దొరుకుతుందన్నాను.

"రేపు సంత పెట్టుకుని గదులేటి బాబూ. అన్నీ మా సంతోళ్లయే. ఏళ్ల తరబడి అంతే."

అప్పుడు అర్థమైంది. సంత గురించి చదివాను. అక్కడ అమ్మేవాళ్లు ముందురోజే కొండెక్కి ఎక్కడో ఒకచోట పడుకోవాలన్నది మాత్రం నాకు తట్టలేదు.

పదకొండు దాటాక అరకులో దిగాం. నూకాలమ్మ తను ఉండే లాడ్జి చెప్పి, అవసరమైతే రమ్మని బుట్టలతో వెళ్లిపోయింది. స్టేషను ఎదుట ఉన్న లాడ్జీలన్నిటిలో గదుల్లేవని ఒకటే జవాబు. హోటల్లో పప్పూ అన్నం తిని, జీపులో తోటకు వెళ్లాం. బొమ్మరైలు రెండుసార్లు ఎక్కాం. చలికాలపు ఎండ, వరసగా గులాబీలు, రైలు వంపు తిరిగినప్పుడల్లా పిల్లల కేరింతలు. మా పెళ్లయ్యాక పార్వతి అంత తీరిగ్గా కూర్చోవడం నేను చూడలేదు.

చెట్టు గుడిసె ఒకటి ఖాళీగా ఉంది. గౌరి నా చెయ్యి వదలడం లేదు. పార్వతి ముఖం చూసి, వేరే గది లేదు కదా అన్నాను. అద్దె కట్టేశాను.

మెట్లెక్కి లోపలికి వెళ్తే చిన్న గది, మంచం, చుట్టూ ఆకులు. గౌరి మంచమెక్కి కళ్లు మూసుకుని, నిద్రపోయినట్టు నటించి, మళ్లీ లేచి కూర్చుంది. చంటి తిన్నగా వసారా కటకటాల దగ్గరికి పోయి కాలెత్తాడు. పార్వతి వాడి మొలతాడు పట్టుకుని వెనక్కి లాగింది. వాడు మళ్లీ పోయాడు. చివరికి ఆవిడ తువ్వాలు ఒక కొస మొలతాడుకీ, రెండో కొస మంచం కోడుకీ కట్టింది. వాడు ఏడుపు లంకించుకున్నాడు. గౌరి చెవులు మూసుకుంది.

నాలుగు దాటేసరికి చలి దిగింది. కట్టేసిన పిల్లాడితో రాత్రంతా కూర్చోలేనంది పార్వతి. వెళ్లేటప్పుడు నూకాలమ్మ తన గది చెప్పి రమ్మంది కదా, చంటిని తీసుకుని తనక్కడికి పోతానంది.

"మీరూ, గుంటా ఇక్కడుండండి. దాని ముచ్చట తీరనీండి."

వాళ్లను జీపెక్కించి మేమిద్దరం మళ్లీ పైకి వచ్చాం. ఇప్పుడు నిశ్శబ్దంగా ఉంది. గౌరి దుప్పటి పరిచింది. తలగడలు సరిపోక బట్టల సంచి ఒకటీ, నా కోటు ఒకటీ మడిచి నాలుగు తలగడలు చేసి వరసగా పెట్టింది. వాటిని చూస్తూ కాసేపు కూర్చుంది.

"నాన్నా, కిందికి పోదామా?"

డబ్బు కట్టేశాం, బడిలో అందరికీ చెప్పావు కదా అన్నాను. గౌరి నా కోటు దులిపి నాకే ఇచ్చింది.

"రేపు పొద్దున్న మళ్లీ ఎక్కుదాం. చెట్టు ఎక్కడికీ పోదు."

చీకటి పడకముందే నూకాలమ్మ ఉన్న లాడ్జి చేరాం. సంత ముందురోజు అక్కడి పద్ధతి ఒకటుంది: ఆడవాళ్లూ పిల్లలూ గదిలో, మగవాళ్లు వరండాలో, బుట్టలు గోడ పొడవునా. ఎవరి గదని ఎవరూ అడగరు. పార్వతి నలుగురు ఆడవాళ్ల మధ్య కాళ్లు చాపుకుని కబుర్లు చెబుతోంది. చంటి ఒక ఖాళీ బుట్టలో కూర్చుని అన్నం తింటున్నాడు. గౌరిని చూసి నూకాలమ్మ, "ఏటే, సెట్టు దిగిపోయావా? బేగి రా, జాగా అట్టిపెట్టాను," అంది. గౌరి తమ్ముడి పక్కన దూరి, వాడి కంచంలోంచి ముద్ద లాక్కుంది. నేను వరండాలో ఒక ఉల్లిపాయల వర్తకుడి కంబళిలో సగం పంచుకుని హాయిగా పడుకున్నాను.

పొద్దున్నే నలుగురం ఆ గుడిసెలో కూర్చుని ఇడ్లీలు తిన్నాం. చంటి మా ఇద్దరి మధ్యా బందీ. తర్వాత సంత చూసి, మధ్యాహ్నం పాసింజరు పట్టుకున్నాం. పిల్లల స్వెట్టర్లు ఎండుచేపల వాసన. నన్నడిగితే, చిన్నపిల్లలతో అరకు వెళ్లేవారు గురువారం మానుకోండి; గుడిసె పగటిపూట చూడండి; రాత్రికి మాత్రం అందరూ పట్టే చోటు, నేల మీద, చూసుకోండి. అది ఎలా ఉందన్నది రెండో సంగతి.

తిరుగుప్రయాణంలో ఎదుటి సీటులో ఒక టీచరమ్మ గౌరిని పలకరించింది. తోట చూశావా, చెట్టు మీద గుడిసెలో పడుకున్నావా అని అడిగింది.

"లేదండీ," అంది గౌరి చాలా పెద్దరికంగా. "మా తమ్ముడికి భయం."

భయమంటే ఏమిటో ఇంకా తెలియని చంటి అప్పటికే కిటికీ ఊచలు సగం ఎక్కేశాడు. గౌరి అటు చూడకుండానే వాణ్ని కిందికి లాగి ఒళ్లో కూర్చోబెట్టుకుంది. రైలు సొరంగంలోకి వెళ్లింది, పిల్లలిద్దరూ కలిసి కేక పెట్టారు.