రెండు వైపులా విన్న మా హేమక్క

నిన్న పొద్దున ఇడ్లీ పిండి రుబ్బుతుంటే గుడియాత్తం నుంచి ఫోన్. హేమక్క తమ్ముడు.

"అక్క పోయిందమ్మా. నిద్రలోనే."

గ్రైండర్ ఆపి మళ్ళీ అడిగాను. అదే మాట చెప్పాడు. మొన్న ఆదివారం నా చింతకాయ తొక్కుకు వంకలు పెట్టిన మనిషి. ఇంకా నమ్మబుద్ధి కావడం లేదు.

మన వాట్సాప్ గ్రూపులో తెలుగు చదవడం రానివాళ్ళు పక్కవాళ్ళతో చదివించుకోండి. ఆమె నాతో ఎప్పుడూ తెలుగులోనే మాట్లాడింది. ఆమె గురించి ఇంకో భాషలో రాయడం నా వల్ల కాదు.

తెలియనివాళ్ళ కోసం చెప్తున్నాను. హేమక్క గుడియాత్తం బజారులో లుంగీల కొట్టువాళ్ళ అమ్మాయి. వేలూరు కాలేజీలో సైకాలజీ లెక్చరర్. ఆమె రీసెర్చ్ జైలు వార్డర్ల మీద, వాళ్ళ ఇంట్లోవాళ్ళ మీద. ఖైదీల మనసు గురించి అడిగేవాళ్ళయినా ఉంటారు, తాళం వేసేవాళ్ళ మనసు ఎవరికి కావాలి?

వాళ్ళ నాయన కొట్టుకు వచ్చిన ప్రతివాళ్ళతో చెప్పేవాడు. "మా పాప దినామూ జైలుకి పోతా ఉండాది."

మా నాయన వేలూరు జైల్లో వార్డర్. అలా ఆమె మా క్వార్టర్స్‌కు వచ్చింది. వంటింట్లో కింద కూర్చుని, మా అమ్మతో పాటు చిక్కుడుకాయలు ఒలుస్తూ ప్రశ్నలు అడిగేది. ఒలిచే చేతులు ఆగవు, చెప్పే నోరూ ఆగదు. అదీ ఆమె పద్ధతి.

నేనప్పుడు కోయంబత్తూరు హాస్టల్లో ఉండి చదువుకుంటున్నాను.

మా నాయన మీద నాకు ఒకటే కోపం. ఇంట్లోనుంచి బయల్దేరిన మనిషితో ఎవరైనా "పోయిరా" అంటారు. వీధిలో కూరగాయలామె కూడా అంటుంది. మా నాయన అనడు. బస్టాండులో నా బ్యాగ్ పైన పెట్టి, "ఊఁ, ఎక్కు" అని, వెనక్కి చూడకుండా వెళ్ళిపోతాడు.

నేను రావడమే ఆయనకు ఇష్టం లేదనుకున్నాను. చదువు కాగానే అక్కడే ఉద్యోగం చూసుకుని, మళ్ళీ ఈ గడప తొక్కకూడదని తీర్మానించుకున్నాను.

సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు హేమక్కతో ఇదంతా కక్కేసి, "నాయనకి చెప్పొద్దక్కా" అన్నాను.

"చెప్పనమ్మా. నువ్వు చెప్పింది ఆయనకి పోదు, ఆయన చెప్పింది నీకు రాదు. అట్లయితేనే నేనీ పని చేసేదానికి అయ్యేది" అంది.

ఆ తర్వాత జరిగింది నాకు ఆలస్యంగా తెలిసింది.

ఒకరోజు ఆమె జైలు గేటు దగ్గర ఉంది. ఏదో ఆందోళనలో లోపలికి వచ్చిన పార్టీవాళ్ళు విడుదలవుతున్నారు. ఆ రోజుల్లో ఒక పార్టీ కుర్చీలో ఉంటే ఇంకో పార్టీ లోపల ఉండేది, ఎన్నికలు కాగానే అటుదిటు అయ్యేది. బయట దండలు, లారీ, నినాదాలు. ఒకాయన మా నాయన వైపు తిరిగి హుషారుగా, "పోయిట్టు వరేన్ అన్నే!" అన్నాడు. పోయొస్తానని.

మా నాయన మొహం తిప్పేసుకున్నాడు.

అందరూ దండలు చూస్తుంటే హేమక్క ఆ మొహం చూసింది. ఎందుకని అడిగింది.

విడుదలయ్యే మనిషితో ఏ వార్డరూ "పోయిరా" అనడు. మా నాయన ఉద్యోగంలో చేరిన కొత్తలో మరిచిపోయి ఒకతనితో అన్నాడట. అతను ఇంకో కేసులో ఇరుక్కుని మళ్ళీ లోపలికి వచ్చాడు. తన నోటి మాటే తెచ్చిందని మా నాయన నమ్మాడు. గేటు దగ్గర నాలుక కట్టేసుకుని, కట్టేసుకుని, చివరికి ఇంట్లో కూడా ఆ మాట రాకుండా పోయింది.

"ఇంట్లో చెప్పినారా అన్నా?" అని అడిగింది హేమక్క.

"చెప్పేదేముండాదమ్మా? వార్డర్ ఇల్లు. తెలీకుండా ఉంటాదా?"

అప్పటికి రెండు వైపులా తెలిసింది ఆమె ఒక్కదానికే. ఒక్క మాట చెప్తే అయిపోయేది. చెప్పలేదు. ఆయనతో, "పాప వచ్చినప్పుడు ఈ కథ మీరే చెప్పండన్నా" అంది. హాస్టల్‌కు ఫోన్ చేసి నన్ను దీపావళికి రమ్మంది. రానంటే వదల్లేదు.

వచ్చాను, మొహం ముడుచుకునే.

రసం అన్నం తింటూ చెప్పాడు మా నాయన, కరెంటు పోయిన సంగతి చెప్పినట్టు. మా అమ్మకు కూడా అప్పుడే తెలిసింది. ఆమె తిట్టిన తిట్లు ఇక్కడ రాయను. నేను కంచం ముందే ఏడ్చేశాను.

ఆ తర్వాత కూడా ఆయన ఆ మాట అనలేదు. బస్సు కదిలేటప్పుడు కిటికీ దగ్గరికి వచ్చి, "మళ్ళా యెప్పుడు?" అనేవాడు. నాకది చాలు. చదువయ్యాక వేలూరులోనే ఉద్యోగం వెతుక్కున్నాను.

హేమక్కను మాత్రం నిలదీశాను. అన్నీ తెలిసి నన్ను అంతకాలం ఏడిపిస్తావా అని.

"నా నోట్లోనుంచి ఒక మాట బయట పడింటే, మళ్ళా ఆ క్వార్టర్స్‌లో ఎవురు మాట్లాడతారమ్మా నాతో? అయినా మీ నాయన కథ మీ నాయన చెప్తేనే బాగుంటాది."

అప్పుడు ఒళ్ళు మండింది. ఇప్పుడు తలచుకుంటే గర్వంగా ఉంది.

ఆమె రాసిన రీసెర్చ్ పేపర్లో మా పేర్లు లేవు. దాన్ని ఎవరు చదివారో నాకు తెలియదు. క్వార్టర్స్‌లో ఆడవాళ్ళు మాత్రం మనసు బాగాలేకపోతే నేరుగా ఆమె కాలేజీకే వెళ్ళేవాళ్ళు.

నిన్న మా నాయనను తీసుకుని గుడియాత్తం వెళ్ళాను. ఇప్పుడు కర్ర పట్టుకుని నడుస్తున్నాడు. చావింట్లో పోయొస్తామని చెప్పకూడదు కదా, అందరూ మాట్లాడకుండా లేచి వెళ్తున్నారు. మా నాయన హేమక్క తల దగ్గర నిలబడి, అందరికీ వినపడేట్టు అన్నాడు.

"పోయిరామ్మా."

ఆయన నోట నేను ఆ మాట వినడం అదే మొదటిసారి.

తిరుగు బస్సులో, ఎందుకన్నావు నాయనా అని అడిగాను. కిటికీలోంచి బయటికి చూస్తూ చెప్పాడు.

"నేనంటే తిరిగొస్తారు కదమ్మా."

పోయిరా హేమక్కా.

అందరి మాటలూ మోసిన నీ మనసు ఇంక హాయిగా ఉండనీ.