ఓబులక్క దిగాక కదలని బస్సు

దయ్యాన్ని చూశానని ఎవరైనా చెబితే నోరు తెరుచుకుని విన్నారే గానీ, "మరి అప్పుడు నువ్వు ఏం పరీక్ష చేసి చూశావయ్యా?" అని మీరు ఒక్కనాడైనా అడిగారా?

నేను అడిగాను. సభల్లో అడిగాను, పెళ్ళిపందిళ్ళలో అడిగాను, ఒకసారి చావింట్లో కూడా అడిగి తిట్లు తిన్నాను. దయ్యం, దిష్టి, శకునం... ఇవన్నీ కారణం వెతకడానికి ఒళ్ళు వంగని మనిషి కల్పించుకున్నవని నా నమ్మకం. ఇప్పటికీ అదే నమ్మకం. అయినా నేను నా కళ్ళతో చూసినదాన్ని దాచిపెడితే ఇన్నాళ్ళూ అడిగిన ప్రశ్నకు విలువ లేకుండా పోతుంది. అందుకే రాస్తున్నాను.

రెండో ప్రపంచయుద్ధం రోజులు. పెట్రోలుకు రేషను. గిద్దలూరు నుంచి కంభం మీదుగా మార్కాపురం పోయే బస్సుకు వెనక నిలువెత్తు ఇనప పీపా బిగించారు. అందులో బొగ్గులు రాజేస్తే పుట్టే గ్యాసుతో ఇంజను నడవాలి. ఆ బస్సు యుద్ధానికి ముందే ముసలిది. కంభం దాటాక మా ఊళ్ళో, నేను పాఠాలు చెప్పే బోర్డు స్కూలు ఎదురుగా ఆపి, ఇంజను కట్టేసి, బూడిద దులిపి, కొత్త బొగ్గు పోసేవారు. మళ్ళీ బయలుదేరాలంటే గాలిచక్రం తిప్పి నిప్పు రాజేసి, ముందు వైపు నుంచి హ్యాండిల్ తిప్పాలి. ఒక్కోరోజు ఒక్క తిప్పుకే అందుకునేది. ఒక్కోరోజు గంటసేపు మొరాయించేది.

మా ఊళ్ళో ఆ బస్సు ఎక్కే మనుషుల్లో ఓబులక్క ఒకతె. భర్త పోయి చాలా ఏళ్ళయింది. ఒక్కడే కొడుకు, చెన్నయ్య. మార్కాపురం పలకల గనిలో రాతి పలక జారి మీద పడి కాలు విరిగింది. ఆసుపత్రిలో మంచం ఇచ్చారు గానీ కూడు ఇంటి నుంచే వెళ్ళాలి. ఆమె దినం మార్చి దినం జొన్న సంగటి, పప్పు సత్తు గిన్నెలో కట్టుకుని బస్సెక్కేది. ఆమె వెళ్ళిన రోజు వాడు కడుపునిండా తినేవాడు. వెళ్ళని రోజు పక్క మంచం వాళ్ళు పెట్టింది తినేవాడు, పెట్టకపోతే లేదు.

బండి మొరాయించిన రోజుల్లో ఒకటి రెండుసార్లు ఆమె బస్సులో ఉంది. అంతే, అది చాలింది.

"ముండమోపి ఎక్కితే బండి యాడ కదులుతాది? ఆ శనిని దింపండి ముందు!" అన్నాడు నాగిరెడ్డి. కోర్టు పనుల మీద వారానికి మూడుసార్లు మార్కాపురం తిరిగే రైతు ఆయన, ముందు సీటు ఆయనది. మొదట ఆమెను వెనక సీటుకు పంపారు. తరువాత ఏకంగా దింపేశారు. రెండుసార్లు ఆమె గిన్నెతో ఇంటికి తిరిగిపోవడం నేను బడి కిటికీలోంచి చూశాను.

చూసి ఊరుకోలేదు. నెల రోజులు లెక్క రాశాను. ఏ రోజు బండి మొరాయించింది, ఆ రోజు ఓబులక్క ఉందా లేదా. ఆమె లేని రోజుల్లోనే అది ఎక్కువసార్లు మొరాయించింది. ఆ కాగితం బస్సు దగ్గర అందరికీ చదివి వినిపించాను.

నాగిరెడ్డి నవ్వాడు. "ఆమె లేకుంటే ఏమాయె అయ్యోరా, ముందురోజు ఆమె కూసున్న సీటు ఉంది గదా!" అన్నాడు. బస్సంతా నవ్వింది.

సరే, కాగితం కాదు, యంత్రమే సమాధానం చెప్పాలనుకున్నాను. ఒక ఆదివారం డ్రైవరు మస్తాన్ సాయెబూ నేనూ బండిని విప్పాం. బొగ్గు నిలవ చేసే పాక కురుస్తోంది, బొగ్గంతా చెమ్మ. పొడి చోటికి మార్చాం. పీపా నుంచి ఇంజనుకు వచ్చే గొట్టం అతుకు దగ్గర సందు ఉంది, గాలి పీల్చేస్తోంది. దాన్ని బిగించాం. నిప్పురవ్వ పుట్టించే మాగ్నెటోకు కిలుం పట్టింది. గరుకు కాగితంతో రుద్దాం. "ఇంక దీని బుద్ధి మారుతాది, మనుషుల బుద్ధి మీరు సూసుకోండి అయ్యోరా," అన్నాడు మస్తాన్.

ఆ తరువాత రెండు వారాలు బండి ఒక్కరోజు కూడా ఏడిపించలేదు. నేను అక్కడితో ఆగి ఉండాల్సింది.

ఆగలేదు. ఓడిపోయామని వాళ్ళ నోటితో అనిపించాలనుకున్నాను. ఒక ఉదయం ఓబులక్క ఎక్కి కూర్చున్నాక, అందరూ చూస్తుండగా బండి తిప్పమన్నాను. ఒక్క తిప్పుకే స్టార్టయింది. కట్టేయమన్నాను. "అక్కా, నువ్వొకసారి దిగు. నువ్వు ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే అని వీళ్ళకు చూపిస్తా," అన్నాను.

ఆమె నా ముఖం చూసింది. గిన్నె పట్టుకుని దిగింది.

మస్తాన్ హ్యాండిల్ తిప్పాడు. రాలేదు. పదిసార్లు తిప్పాడు. నేను తిప్పాను. రాలేదు.

ఇక్కడి నుంచి మేం చేసిన పరీక్షలు చెబుతాను. పైపు దగ్గరి చిన్న కుళాయి తెరిచి అగ్గిపుల్ల పెట్టాం. గ్యాసు నీలంగా, నిలకడగా మండింది. అట్లా మండితే గ్యాసు బాగున్నట్టు. ప్లగ్గు విప్పి ఇనుముకు ఆనించి తిప్పితే రవ్వ టక్కున దూకింది. అతుకు చుట్టూ తడి గుడ్డ కట్టాం, గాలి ఎక్కడా పీల్చడం లేదు. రవ్వ ఉంది, గ్యాసు ఉంది, గాలి పీల్చే సందు లేదు. ఇంజను మాత్రం రాయిలా ఉంది. పొద్దు పైకెక్కింది.

ఓబులక్క కాసేపు ఎండలో నిలబడింది. తరువాత గిన్నె నెత్తిన పెట్టుకుని తర్లుపాడు దారిన నడవడం మొదలుపెట్టింది. మార్కాపురం దాకా నడిచే దూరం కాదది.

నేను వెనకే పరుగెత్తాను. ఆమెను అందుకునేసరికి మైలు దూరం పోయింది. బండిని ఎట్లాగైనా నడిపిస్తాం, రమ్మన్నాను. ఆగింది, కానీ కదలలేదు.

"వాళ్ళు శకునానికి దిగమన్నారు. నువ్వు పరీచ్చకు దిగమన్నావు. నడిచేది నా కాళ్ళే గదా అయ్యోరా," అంది.

"తప్పు నాది అక్కా, రా," అన్నాను.

"నీ తప్పు కోసరం రాను. నా కొడుకు ఆకలి కోసరం వస్తాండా," అని వెనక్కి తిరిగింది.

బస్సు దగ్గరికి వచ్చాం. ఆమె ఎక్కింది. మస్తాన్ విసుగ్గా, అలవాటు కొద్దీ హ్యాండిల్ తిప్పాడు. ఒక్క తిప్పు. ఇంజను అందుకుంది.

కొంత దూరం పోయాక నాగిరెడ్డి లేచి చేతులు జోడించాడు. "తల్లీ, నీ కాడ ఏందో మహిమ ఉంది. ముందుకొచ్చి కూసో. రేపు మా చేను కాడ బావి తవ్వుతాండాం, ఒకపారి వచ్చి పోమ్మా," అన్నాడు.

ఓబులక్క లేవలేదు. "నిన్న శని, ఇయ్యాల అమ్మోరా? మనిషిగా ఏ దినం సూస్తావు రెడ్డీ?" అంది.

ఆమెతోపాటు నేనూ ఆసుపత్రికి వెళ్ళాను. మధ్యాహ్నం తిరిగిపోయింది. చెన్నయ్య గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. తల్లి చెయ్యి తగలగానే, "ఇయ్యాల గూడా దింపేసినారా అమ్మా?" అన్నాడు.

"లేదు నాయనా, బండి చెడిపోయింది," అంది ఆమె, నావైపు చూడకుండా.

ఆ బండి ఎందుకు రాలేదో, ఎందుకు వచ్చిందో ఇవాళ్టికీ నాకు తెలియదు. బండి తయారీ తెలిసిన మెకానిక్కులను అడిగాను. నిప్పు చల్లబడి ఉంటుందన్నారు. నీలి మంట సంగతి చెబితే తల గోక్కున్నారు. కాకతాళీయం అని మీరంటారు. ఇతరులకు నేనూ అదే చెబుతూ వచ్చాను. ఆ ఉదయం హ్యాండిల్ పట్టుకున్న నా చేతికి మాత్రం ఆ మాట చాలడం లేదు.

తెలియదని ఒప్పుకోవడం నాకు సిగ్గు కాదు. తెలియనిదాని భారాన్ని ఒక మనిషి నెత్తిన పెట్టడం సిగ్గు. ఆమెను శని అన్నవాడూ, అమ్మవారన్నవాడూ, పరీక్ష పేరుతో ఎండలో నిలబెట్టిన నేనూ, ముగ్గురం చేసింది ఒకటే పని.

రేపు మీ ఊరి బస్సులో ఒక ఆడమనిషిని దిగమంటే, మీరు లేచి నిలబడండి. ఆమెను ముందు సీటులో కూర్చోబెట్టండి, దండం పెట్టకండి, ఊరికే కూర్చోబెట్టండి. బండి కదలకపోతే మీరు దిగండి. దిగి తొయ్యండి.