మంచం పక్కన నిండు చెంబు

కళ్ళద్దాల దుకాణం వెనకగదిలో అద్దాలు అరగదీయడం అతని పని. ఇంట్లోవాళ్ళకి మాత్రం అతను కథలాయన. ఆదివారం మధ్యాహ్నం యంత్రం మీద గుడ్డ కప్పి, బల్ల తుడిచి, పాచికలు పెడతాడు. అక్క, బావ, చెల్లెలు చుట్టూ కూర్చుంటారు. ఒక్కొక్కరిదీ ఒక పాత్ర. ఎదురయ్యేది అతను చెబుతాడు, చేసేది వాళ్ళు చెబుతారు, అయిందో లేదో పాచిక తేలుస్తుంది.

ఆట మొదలైన రోజునే అందరూ తమ పాత్ర దాచుకున్న పాత సంగతి ఒకటి రాసి అతనికిచ్చారు. సమయం చూసి బయటపెట్టడం అతని వంతు. బావ గజదొంగ. చిన్నప్పుడు కోళ్ళు కాజేశానని రాశాడు. అక్క వైద్యురాలు. ఆమె చీటీలో రెండే వాక్యాలు: ‘ప్రాణం పోతున్నవాడు నీళ్ళడిగాడు. వైద్యురాలు మెలకువగా ఉండీ లేవలేదు.’

ఎంత బాగా రాసిందని అతను మురిసిపోయాడు. ఎనిమిది నెలలుగా ఆనవాళ్ళు చల్లుతూ వచ్చాడు. కథలో ఏ పాడుబడ్డ ఇంటి తలుపు తీసినా ఒక ఖాళీ మంచం, పక్కన నిండు చెంబు.

మొన్న బుధవారం మేనత్త కళ్ళద్దాలు మార్చుకోవడానికి వచ్చి, ఆ మాటా ఈ మాటా చెబుతూ అంది: “మీ నాన్న పోయిననాడు మంచినీళ్ళడగడం పక్కగదిలో నాకు వినపడిందిరా. నేను లేచి వచ్చేసరికే అయిపోయింది. మీ అక్క మంచం పక్కనే ఉంది, పాపం, మొద్దునిద్ర.”

అతని చేతిలో అద్దం అంచు చిట్లింది.

నాన్న పోయి రెండేళ్ళు. ఆనాడు చెల్లెలు ఊళ్ళో లేదు. చివరిచూపు దక్కలేదని ఇప్పటికీ కుములుతుంది. ఆ చీటీ చదివితే ఈ అక్కాచెల్లెళ్ళు ఒకరికొకరు మిగులుతారా? చదవకూడదనుకున్నాడు.

“ఇవాళైనా వైద్యురాలి గుట్టు విప్పుతావా?” అన్నాడు బావ, ఆదివారం ఆటకు కూర్చోగానే. “ఇప్పటిదాకా దొరికిన చెంబులతో సామాన్ల కొట్టు పెట్టొచ్చు.”

కథలాయన చీటీ తీయకుండానే చెప్పాడు. “వైద్యురాలు ఒకప్పుడు రాజుగారి మందు దొంగిలించింది.”

“అంతేనా? కొండను తవ్వి ఎలుకను పట్టావు.”

చెల్లెలు ఒప్పుకోలేదు. “మరి నీళ్ళెందుకన్నయ్యా? అన్నిచోట్లా చెంబు నిండుగానే ఉంది. ఎవరో దాహంతో పోయారు. పక్కనున్నవాళ్ళు అందివ్వలేదు. అంతేగా?”

తను చల్లిన గింజలే మొలిచి దారికి అడ్డంగా నిలిచాయి.

“నేను రాసింది చదవరా,” అంది అక్క.

“వద్దక్కా.”

“నా నోట రాకే కదా నీకు రాసిచ్చాను. నువ్వూ దాచేస్తే ఎలా?”

చదివాడు. చీటీలోని రెండు వాక్యాలూ, ఉన్నవి ఉన్నట్టే. బావ భార్య మొహం చూసి, చేతిలోని పాచిక కింద పెట్టాడు.

“అప్పటికి నాలుగు రోజులుగా నాన్న పక్కన కంటిమీద కునుకు లేదు,” అంది అక్క, పాచికలతో చెబుతున్నట్టు. “ఒక్క నిమిషం ఆగి లేద్దామనుకున్నాను.”

చెల్లెలి మొహంలో రంగు దిగిపోయింది. అడిగింది, “నాన్న ఎన్నిసార్లు పిలిచాడు?”

“రెండుసార్లు. మొదట నన్ను.”

“రెండోసారి?”

“నిన్ను. నువ్వొచ్చావనుకున్నాడు.”

చెల్లెలు కుర్చీ వెనక్కి జరిపింది. లేవనూ లేదు, మళ్ళీ దగ్గరికి జరగనూ లేదు. తర్వాతేమిటో చెప్పాల్సినవాడు కథలాయన. ముగ్గురూ అతని వైపే చూశారు. అతను చీటీ మడవడం కూడా చేతకాక, రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాడు.