ఆదివారం జారే బండి

మా ఆయన రైల్వే ఆఫీసులో హెడ్ క్లర్కు. ఊరు వదిలి వెళ్ళిపోతున్న ఒక దొర దగ్గర నాలుగు తలుపుల పాత కారు కొన్నారు. మా సోకు కోసం కాదు. మా అమ్మకి పక్షవాతం వచ్చి ఎడమ కాలు పడిపోయింది. రైలు గేటుకి అవతల, తెలిపారాలో అన్నయ్య ఇంట్లో ఉండేది. ఆదివారాలు ఆమెను మా క్వార్టర్‌కి తెచ్చి పూటంతా కూర్చోబెట్టుకోవాలని నా ఆశ.

మిగతా రోజుల్లో కారు ఏదో ఒకలా నడిచేది. ఆదివారం అమ్మ ఎక్కిందంటే చాలు, రైలు గేటు ముందున్న ఎత్తు దగ్గర మొరాయించేది. గేరు పడేది, ఇంజను గావుకేకలు పెట్టేది, బండి మాత్రం ఎత్తెక్కక వెనక్కి జారేది. మా ఆయన దిగి చుట్టూ తిరిగి మళ్ళీ ఎక్కేవారు.

"ఏటైంది దీనికి? నిన్న బాగానే ఉంది కదా!" అని నన్నడిగేవారు, నేనేదో ఇంజనీరునైనట్టు.

రైలు షెడ్డులో డ్రైవర్లు ఇంజను జబ్బులు పుస్తకంలో రాస్తారు కదా, ఆయనా ఒక నోటుబుక్కు పెట్టారు. 'ఎత్తులో జారుతోంది. సోమవారం తగ్గింది. కారణం తెలియలేదు.' ప్రతి పేజీ చివరా అదే మాట. చదివి చదివి నాకూ బుర్ర తిరిగిపోయేది.

మూడో ఆదివారం అమ్మ ఏడ్చేసింది.

"నానెక్కితేనే ఆగిపోతంది. మొగుడు పోయినదాన్ని. అల్లుడి బండికి నా దోసం ఎందుకే? ఇంక రాను."

అన్నట్టే పై వారం రాలేదు. నాకు కారు మీద కోపం, అమ్మ మీద కోపం, ఆ నోటుబుక్కు మీద మరీ కోపం. అన్నం సహించలేదు.

చివరికి మా ఆయన మెకానిక్కును పిలిచారు. అతను డ్రైవరు కాళ్ళ దగ్గరి చెక్క ఎత్తి, లోపల వేలు పెట్టి చూసి, ఇందులో నూనె ఎవరు పోశారని హిందీలో అరిచాడు. ఇంజను బలం చక్రాలకి అందాలంటే అక్కడి బిళ్ళలు పొడిగా ఉండి ఒకదాన్నొకటి పట్టుకోవాలట. నూనె తగిలితే పట్టు పోతుందట.

పోసింది నేనే. మా నాన్న రైలింజను డ్రైవరు. డ్యూటీకి బయల్దేరే ముందు ముక్కు పొడుగు డబ్బాతో ఇంజను చుట్టూ తిరిగి కీలుకీలుకీ నూనె పెట్టేవాడు. అది చూస్తూ పెరిగాను. గుమస్తాగారికి ఇవన్నీ ఏం తెలుసులే అనుకుని, ఆయన స్నానానికి వెళ్ళగానే చెక్క ఎత్తి రోజూ రెండు చుక్కలు వేసేదాన్ని. ఆదివారం అమ్మ ఎక్కుతుంది కదా అని ధారాళంగా పోసేదాన్ని.

సంగతి చెప్పేశాను. ఆయన నోటుబుక్కు తెరిచి, 'కారణం తెలిసింది' అని రాశారు.

అన్నయ్య ఇంటికి వెళ్ళి చెబితే అమ్మ మాత్రం నమ్మలేదు. "అచ్ఛా! నాను బాధపడతానని తప్పు నీ మీద ఏసుకుంతన్నావు" అంది.

బిళ్ళలు శుభ్రం చేయించాక, అమ్మ వద్దు వద్దంటున్నా ఎత్తి వెనక సీట్లో కూర్చోబెట్టి పక్కన నేనెక్కాను. గేటు దగ్గర పడుతుంటే ఆమె కళ్ళు మూసుకుని నా చెయ్యి పట్టుకుంది. కారు ఆగకుండా ఎత్తెక్కి, పట్టాలు దాటింది. అమ్మ కళ్ళు తెరవలేదు.

"ఎక్కిందేటి?"

"ఎక్కిందమ్మా."

మెల్లగా కళ్ళు తెరిచి, వెనక్కి తిరిగి గేటు చూసింది. తర్వాత నా నెత్తిన ఠపీమని ఒక మొట్టికాయ వేసింది.

"అయితే ఆ నూనె నువ్వే పోసినావేటే!"