గుర్రాన్ని మందలో కలిపిన రోజు

మొన్న మంగళగిరిలో మా పక్క వాటా ఆవిడ ఫోను పట్టుకుని నవ్వుకుంటూ మా గుమ్మంలోకి వచ్చింది. "ఇది చూడండి పిన్నీ, కడుపు చెక్కలైపోతుంది" అని ఫోను నా చేతిలో పెట్టింది. పూలదండ వేసుకున్న పెళ్లికొడుకును మోసుకుంటూ ఒక తెల్లగుర్రం ఊరేగింపు వదిలేసి చేలకు అడ్డంపడి పరుగెత్తుతోంది. దాని వెనక ఒక నల్లకుక్క. చివరికి గుర్రం గొర్రెల మందలోకి దూరింది, పెళ్లికొడుకు జారి గొర్రెల మధ్య చతికిలబడ్డాడు. వీడియో అంతటితో ఆగిపోయింది. కింద ఏదో రాసి ఉంది. నాకు అక్షరాలు యాభై దాటాక వచ్చాయి కనుక కూడబలుక్కోవడానికి కాస్త సేపు పడుతుంది. "పెళ్లికొడుకును మందలో కలిపిన కుక్క" అని ఉంది. బాగానే రాశారు. నేనూ నవ్వాను. ఆ కుక్క మాదేనని మాత్రం చెప్పలేదు. చెబితే ఆ తర్వాత ఏమైందని అడుగుతుంది.

అప్పట్లో మాకు గొర్రెలు ఉండేవి. మిరప కోతలు అయిపోయి చేలు ఖాళీ అయ్యాక రైతులు మా మందను తమ పొలాల్లో పడుకోబెట్టించుకునేవారు. గొర్రెల పెంట పడిన నేలలో తర్వాతి పైరు నల్లగా లేస్తుంది. ఒక పొలంలో కొన్ని రాత్రులు, ఆ తర్వాత ఇంకో పొలం. అలా ఒంగోలు వైపు నుంచి గుంటూరు వైపు మెల్లగా జరిగేవాళ్లం. పగలంతా మేపి, పొద్దువాలే వేళకు గుంజలు పాతి చుట్టూ వల కట్టి, గొర్రెలను లోపలికి తోలాలి. ఆ తోలే పని మా నల్లకుక్క కర్రిది. దాని తల్లిని లారీ గుద్దేస్తే, కళ్లు తెరవని పిల్లను మా అత్త ఈనిన గొర్రె పొదుగుకు పట్టి బతికించింది. అందుకని తాను కుక్కనన్న సంగతి దానికి సరిగా తెలియదేమోనని నా అనుమానం. ఊరకుక్కలు పలకరించినా పలికేది కాదు. పొద్దువాలాక ఏ జీవమూ వల బయట ఉండకూడదు, దానికి తెలిసిన చదువు అదొక్కటే. దారితప్పిన మేకలూ, రైతుల దూడలూ, ఒకసారి రెండు పెట్టకోళ్లూ కూడా మా వలలోకి వచ్చాయి. అన్నీ లోపలికి చేరాక వల వాకిట్లో అడ్డంగా పడుకునేది. మామ పోయాక మా అత్తకు మనుషులతో మాటలు తగ్గాయి. ఉన్న నాలుగు మాటలూ కర్రితోనే.

ఆ ఏడు మేం మంద కట్టిన పొలం రైతు ఇంట్లో పెళ్లి. ఊరేగింపుకని ముందురోజు సాయంత్రమే గుంటూరు నుంచి ఒక సాయిబు తన ఆడగుర్రాన్ని తెచ్చి, మా వల పక్కనున్న వేపచెట్టుకు కట్టాడు. తోకకు గోరింటాకు పెట్టిన గుర్రాన్ని నేను చూడటం అదే మొదలు. కర్రి కూడా చూసింది. పొద్దు వాలుతోంది, జీవం ఇంకా బయటే ఉంది. పొట్ట నేలకు ఆనించి వెనక నుంచి పాకుతూ వెళ్లింది. గుర్రం చెవులు వెనక్కి వాల్చి ఒక్క తాపు తన్నింది. గిట్ట కర్రి చెవి పక్కనుంచి పోయింది.

సాయిబు పరుగెత్తుకొచ్చాడు. "అమ్మా, కుక్కని కట్టెయ్యండి. వెనక నుంచి వస్తే ఇది ఊరుకోదు. నిరుడు మా వీధిలో ఒక కుక్క దవడ ఎగరగొట్టింది."

"మంద కుక్కకి ఎక్కడన్నా తాడేస్తారా? ఒక్కపూట కట్టానంటే రేపట్నించి తోకూపుకుంటా నా కాళ్లకాడే కూచుంటది. గొర్రెల్ని మీరు కాస్తారా?" అంది అత్త.

"నేను కాస్తే పొద్దున్నే ఊళ్లో వెతుక్కోవాలమ్మా మీరు."

"అయితే మీ గుర్రాన్నే అవతల కట్టుకోండి."

"అవతలంతా పందిరి, గాడిపొయ్యిలు. రైతు ఇక్కడే కట్టమన్నాడు."

మావాళ్లలో అది నిజంగానే కట్టుబాటు. మంద కుక్క మెడకు తాడు పడకూడదు. అత్త కాసేపు గుర్రం వంక, కాసేపు కర్రి వంక చూసింది. "లోపలికి తోలకరండి నాయనా. లోపలున్న జీవం జోలికి అది పోదు."

సాయిబు నమ్మలేదు కానీ తోలుకొచ్చాడు. గొర్రెలు ముందు పక్కకు జరిగాయి, తర్వాత మళ్లీ గుర్రం చుట్టూ చేరాయి. తెల్లారేసరికి దాని కడుపు కింద రెండు పిల్లలు పడుకుని ఉన్నాయి. "మా ఇంటి దగ్గర కూడా ఇంత నెమ్మదిగా నిలబడదమ్మా" అన్నాడు సాయిబు. అందరం సంతోషించాం. ఒక పూట వలలో ఉన్న జీవం కర్రి దృష్టిలో ఇక మందలోదేనని మాలో ఒక్కరికీ తట్టలేదు.

మేం మేపుకు వెళ్లాక సాయిబు గుర్రాన్ని అలంకరించి తీసుకుపోయాడు. సాయంత్రం గొర్రెలు లోపలికి చేరాయి గానీ కర్రి పడుకోలేదు. వల చుట్టూ తిరిగి రోడ్డు వైపు చూస్తూ నిలబడింది. "ఏందే చూస్తన్నావు? అన్నీ వచ్చినయ్యిలే" అంది అత్త. కర్రి వినకుండా వెళ్లిపోయింది. అత్త పిలిచింది, నేనూ పిలిచాను. బ్యాండు మోతలో మా గొంతులు మాకే వినపడలేదు.

గట్టు మీద నుంచి చూశాం. కర్రి గుర్రం వెనక చేరింది. తాపు డొక్కలో తగిలి ఎగిరి బ్యాండు వాళ్ల కాళ్ల మధ్య పడింది. అయిపోయిందనుకున్నాను. లేచి, మళ్లీ వెళ్లింది. అప్పుడే ఎవరో సీమటపాకాయల సరం అంటించారు. గుర్రం బెదిరి, సాయిబు చేతిలోని కళ్లెం లాక్కుని, రాత్రంతా నెమ్మదిగా నిలబడ్డ చోటే గుర్తొచ్చిందేమో, మా మంద వైపు పరుగు తీసింది. వెనక కర్రి. అప్పుడెవరో తీసిన ఆ వీడియోలో ఉన్నది అదే. జనమంతా నవ్వుతూ వచ్చారు. పెళ్లికొడుకు కూడా పెంట దులుపుకుంటూ నవ్వాడు. మా అత్త పళ్లు బయటపెట్టి నవ్వడం మామ పోయాక అప్పుడే చూశాను. కర్రి వల చుట్టూ ఒకసారి తిరిగి వాకిట్లో అడ్డంగా పడుకుంది. దాని నోట్లోంచి రక్తం కారడం ముందు నేనే చూశాను. పెళ్లికొడుకును మళ్లీ గుర్రం ఎక్కించేలోపే కర్రి ప్రాణం పోయింది.

గుర్రం బయటికి రావాలంటే ఆ వాకిలి ఒక్కటే. అది కర్రిని దాటనంది. నవ్వులు ఆగాయి. "ఒక్క నిమిషం ఉండండి నాయనా" అని అత్త కర్రిని రెండు చేతులతో ఎత్తి పక్కన పెట్టింది. "ఇక కానియ్యండి, ముహూర్తం దాటిపోద్ది" అంది.

పొద్దున్నే సాయిబు వచ్చి తలపాగా తీసి నిలబడ్డాడు. "నన్ను తిట్టండమ్మా" అన్నాడు. "దేనికి? అది పిలిచింది, మీ గుర్రం వచ్చింది" అంది అత్త. ఆయనే పలుగు తీసుకుని గుంట తవ్వాడు. తర్వాతి పొలం రైతు ఎదురుచూస్తున్నాడు కాబట్టి వలలు చుట్టి, గొర్రెలను మేమే తోలుకుంటూ బయల్దేరాం. నేను అన్నం వండాను, తిన్నాను, గిన్నెలు తోమాను. ఏడుపు రాలేదు. అలిసిపోయి ఉన్నాను, రేపు వస్తుందిలే అనుకున్నాను. తర్వాత గొర్రెలను అమ్మేశాం. అత్త పోయింది. అప్పుడూ రాలేదు. కాలం గడిస్తే దుఃఖం తగ్గుతుందని అందరూ చెబుతారు. నా దుఃఖం ఇంకా వచ్చిందే లేదు, కాలం మాత్రం దానికోసం ఆగకుండా గడిచిపోతూనే ఉంది.