మావయ్య అడిగిన కాగితం

మొన్న ఆదివారం మధ్యాహ్నం గుడివాడలో మా ఇంటి వరండాలో పడక కుర్చీ వేసుకుని కునుకు తీయబోతుంటే, మా రెండో అమ్మాయి ఒక కాగితం తెచ్చి చేతిలో పెట్టి, తెలుగు సరిగ్గా ఉందో లేదో చూడమంది. అమ్మాయి లాయరు. వారంలో రెండు రోజులు ఉచిత న్యాయ సహాయం పనికి వెళ్తుంది. పోలీసుల చేతిలో దెబ్బలు తిన్నవాళ్ళ కోసం ఊళ్ళలో పంచడానికి ఆ కరపత్రం తానే రాసింది. ముప్పై అయిదేళ్ళు బందరులో ప్లీడరు గుమస్తాగా అర్జీలు రాసి రాసి అరిగిపోయిన చెయ్యి కదా నాది, ఎర్ర పెన్ను తీసుకుని దర్జాగా కళ్ళజోడు సర్దుకున్నాను. మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయాను. "పోలీసులు కొట్టారా అని మేజిస్ట్రేటు గారు అడుగుతారు, భయపడకుండా నిజం చెప్పండి" అని ఉంది. అందులో ఒక్క అక్షరం తప్పు లేదు. అయినా మంచినీళ్ళు తాగి వస్తానని లేచి లోపలికి వెళ్ళి, మంచం మీద కూర్చుండిపోయాను.

మా అమ్మకు వరసకు తమ్ముడు ఒకాయన నాగాయలంక అవతల ఒక చిన్న ఊళ్ళో ఉండేవాడు. నాకు మావయ్య, ఆ మాటకొస్తే ఊరందరికీ మావయ్యే. చర్చిలో ఆదివారం డోలక్ వాయించేవాడు, ఆయన వాయిస్తుంటే పాట రానివాళ్ళు కూడా గొంతు కలిపేవాళ్ళు. వరిచేలు తవ్వి రొయ్యల చెరువులు చేయడం మా వైపు కొత్తగా మొదలైన రోజులవి, మన ఈడు వాళ్ళందరికీ గుర్తుండే ఉంటుంది. మావయ్య ఒక ఆసామి చెరువు దగ్గర కాపలాకు కుదిరాడు. నీళ్ళు తోడే ఇంజను ఒకటి పోయింది. ఇంకెవరినీ అడగకుండా పోలీసులు కాపలావాడినే తీసుకుపోయారు. ఏ స్టేషనో, ఏ కోర్టో ఇక్కడ రాయను, వాటి పేర్లతో ఇప్పుడు పనిలేదు. మూడు రోజులు ఉంచుకున్నారు.

మూడో రోజు అత్తయ్య చల్లపల్లిలో బస్సు మారి, బందరులో మా ప్లీడరు గారి ఆఫీసు వెతుక్కుంటూ వచ్చింది. ప్లీడరు గారు ఊళ్ళో లేరు. "నువ్వు రోజూ కోర్టులోనే ఉంటావంట కదా బాబూ, నువ్వొచ్చి ఒక్క మాట చెప్పు" అంది. అప్పటికి నాకు పాతికేళ్ళు నిండలేదు, ఆ మాటకు ఎంత పొంగిపోయానో ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. ఇస్త్రీ చొక్కా తొడుక్కుని మరీ, మావయ్యను హాజరుపరిచే కోర్టుకు వెళ్ళాను.

కోర్టు వరండా మెట్టు మీద మావయ్య కూర్చుని ఉన్నాడు. అరికాళ్ళు నేలకు ఆనించలేక మడమల అంచుల మీద పెట్టుకున్నాడు. చేతులు రెండూ ఒళ్ళో, తనవి కానట్టు పడి ఉన్నాయి. కానిస్టేబుల్ అవతల టీ తాగుతున్నాడు. నాకున్నది అయిదు నిమిషాలు. ఆ అయిదు నిమిషాల్లో ఏడవకుండా నేను చేసిన పని, పాఠం చెప్పడం. "కొట్టారా అని అడుగుతారు మావయ్యా. ఏమీ లేదండీ అని చెప్పు. కొట్టారన్నావంటే ఆస్పత్రి అంటారు, అక్కడికి తీసుకెళ్ళేదీ పోలీసులే, మళ్ళీ వాళ్ళ చేతుల్లోకే పోతావు. బెయిలు సంగతి నేను చూసుకుంటాను." ఇది నేను పుట్టించిన పాఠం కాదు. కోర్టు వరండాల్లో తిరిగే గుమస్తాలం చాలామందిమి పెద్దవాళ్ళ దగ్గర విని, వచ్చినవాళ్ళకల్లా చెప్పేవాళ్ళం, అది వాళ్ళ మేలుకే అని మనస్ఫూర్తిగా నమ్మేవాళ్ళం.

మేజిస్ట్రేటు గారు మంచివారు. ఒకసారి అడిగారు. మావయ్య లేదండీ అన్నాడు. ఆయన బల్ల మీదికి వంగి కాళ్ళ వైపు చూసి, మెల్లగా మళ్ళీ అడిగారు. మావయ్య తల తిప్పి నా వంక చూశాడు. నేను వద్దన్నట్టు తల ఊపాను. "లేదండీ" అన్నాడు రెండోసారి. అలాగే రాసుకున్నారు.

వారానికి బెయిలు వచ్చింది. అత్తయ్య నా తల నిమిరి, చల్లగా ఉండమని దీవించింది. నెలలు గడిచాక ఆ ఇంజను ఆసామి బావమరిది పాకలోనే దొరికింది, కేసు కొట్టేశారు. అంతటితో అయిపోయిందనుకున్నాను. స్టేషన్లో మావయ్యను చేతులు వెనక్కి కట్టి వేలాడదీశారట, ఆ భుజాలు మళ్ళీ పైకి లేవలేదు. చొక్కా గుండీలు అత్తయ్య పెట్టేది. డోలక్ చర్చి గోడకు వేలాడుతూ ఉండిపోయింది. ఒకరోజు మావయ్య బందరు వచ్చి, "దొంగను కాదని కోర్టు రాసిందిగా. నన్ను కొట్టారని కూడా ఎక్కడో ఒక కాగితం మీద రాయించరా" అన్నాడు. ఆ ఒక్కటే అడిగాడు.

ఆ కాగితం కోసం ఎక్కని గడప లేదు. మా ప్లీడరు గారు పాత ఫైలు అటూ ఇటూ తిప్పి, "మీవాడే లేదన్నాడుగదయ్యా" అని మూసేశారు. ఇంకో ఇద్దరు లాయర్లూ అదే పేజీ దగ్గర ఆగారు. చివరికి పాస్టరు గారి భార్య చెబితే గుడివాడలో ఒక అడ్వకేటమ్మ దగ్గరికి వెళ్ళాం. ఫీజు మాట ఎత్తలేదు. ముందు టీ ఇప్పించి, ఎంతవరకు చెప్పగలిగితే అంతవరకే చెప్పమని, నిద్ర పడుతోందా అని అడిగింది. అన్నాళ్ళలో ఆ మాట అడిగిన మొదటి మనిషి ఆవిడే. మావయ్య బల్ల మీద తల ఆనించి ఏడ్చేశాడు. డాక్టరుకు చూపించి, నరాలు దెబ్బతిన్నాయని రాయించిందీ ఆవిడే. కానీ కోర్టుకు వెళ్ళాలంటే ఒక ముడి విప్పాలంది. అప్పుడు లేదని ఎందుకు చెప్పినట్టు? అలా చెప్పమని ఎవరైనా చెప్పి ఉంటే, ఆ మనిషి వచ్చి నేనే చెప్పానని ప్రమాణం చేసి సంతకం పెడితే, కేసు నిలబడవచ్చంది.

గదిలో ఉన్నది మేం ముగ్గురమే. నాకు కొత్తగా పెళ్ళయింది. కోర్టులో సాక్ష్యం చెడగొట్టిన గుమస్తా అని పేరు పడితే ఏ ప్లీడరూ గడప తొక్కనివ్వడు. ఇవన్నీ ఒక్క క్షణంలో కళ్ళ ముందు తిరిగాయి. నేను గోడకున్న క్యాలెండరు వైపు చూస్తూ కూర్చున్నాను. ఆవిడ మావయ్యను అడిగింది, ఎవరు చెప్పారండీ అని. "గుర్తు లేదమ్మా" అన్నాడు మావయ్య. ఈసారి నా వంక చూడను కూడా చూడలేదు.

తిరిగి వచ్చేటప్పుడు రైల్లో మావయ్య ఆ సంగతి ఎత్తలేదు. మా అమ్మ ఆరోగ్యం అడిగాడు, జామకాయలు కొనిపెట్టాడు. ఆ తరవాత పదేళ్ళకు పోయాడు. ఆ పదేళ్ళలో కాగితం మాట మళ్ళీ అనలేదు, నేనూ అడగలేదు.

ఇప్పుడు రోజులు మారాయి, కాదనను. స్టేషన్లలో కెమెరాలంటున్నారు, కోర్టుకు తెచ్చే ముందు డాక్టరు చూడాలంటున్నారు, డబ్బులేనివాడికి లాయరును పెడుతున్నారు, మా అమ్మాయి లాంటి పిల్లలు ఎండలో ఊళ్ళమ్మట తిరుగుతున్నారు. ఇవన్నీ ఆనాడే ఉండి ఉంటే ఎంత బాగుండేదో అని నిట్టూర్చడం నాకు తేలికే. కానీ ఆ మేజిస్ట్రేటు గారు రెండుసార్లు అడిగారు. ఆ అడ్వకేటమ్మ దారి చూపించింది. లేనిదల్లా నా సంతకమే.

కాసేపటికి లేచి వరండాలోకి వచ్చి, కరపత్రంలో తప్పులేమీ లేవని చెప్పి, ఒక వాక్యం చేర్చమన్నాను. మీ మేలు కోరేవాళ్ళు చెప్పినా సరే, దెబ్బలు తిని లేదని చెప్పకండి అని. మేలు కోరేవాళ్ళు అలా ఎందుకు చెబుతారు నాన్నా అంది. అప్పుడు చెప్పాను, మొత్తం. అమ్మాయి లోపలికి వెళ్ళి తెల్ల కాగితాలు తెచ్చింది. తరవాత నా ఎదురుగా కూర్చుని, నేను చెబుతుంటే అఫిడవిట్ రాసింది. మావయ్యను కొట్టారు, లేదని చెప్పమన్నది నేను, అని అందులో ఉంది. ఇంత ఆలస్యంగా దాన్ని ఏ కోర్టూ తీసుకోదని మా ఇద్దరికీ తెలుసు. అయినా సంతకం పెట్టాను.

అత్తయ్య ఇంకా ఉంది, నాగాయలంక దగ్గర ఆ ఊళ్ళోనే. ఇన్నేళ్ళూ పండగకు ఫోను చేస్తే, మీ మావయ్యను విడిపించింది నువ్వే బాబూ అంటూనే ఉంది. రేపు పొద్దున్న బస్సుకు వెళ్తున్నాను. ఆవిడకు చదువు రాదు. ఆ కాగితం నేనే చదివి వినిపించాలి.