మామ్మకు మిగిలిన నెల

మొన్న మా మనవడి భార్య ఏడాది పాటు నిత్యదీపం పెడతానని మొక్కుకుని, మధ్యలో అధికమాసం వచ్చి పడేసరికి, ఆ నెల మొక్కులోకి వస్తుందా రాదా అని ఇంట్లో ఒక్కొక్కరినే అడుగుతూ చివరికి నా మంచం దగ్గరకు వచ్చింది. పెద్దవాణ్ణి కదా, తెలిసే ఉంటుందనుకుంది పాపం. అదొక్కటి తప్ప ఇంకేదైనా అడగమ్మా అని విసుక్కుని, కర్ర తీసుకుని సఖినేటిపల్లి రేవు దాకా నడిచివెళ్ళి, నరసాపురం వైపు పోయే పడవలు రెండు మూడు దాటేదాకా అక్కడే కూర్చున్నాను. నా కోపం ఆ పిల్ల మీద కాదు. అరవై ఏళ్ళ కిందట ఇలాంటి ప్రశ్నకే నేనొక జవాబు చెప్పాను. అది నిజమో అబద్ధమో నాకు ఈనాటికీ తెలియదు.

మాది అంతర్వేదిలో సముద్రాన్ని నమ్ముకున్న ఇల్లు. మా అయ్య తెరచాప ఓడల మీద తండేలు, అంటే కళాసీలందరికీ పెద్ద. ఏడాదికొకసారి రంగూను వెళ్ళివచ్చేవాడు. రంగూనని ఇప్పుడంటున్నాను గాని, మా ఇళ్ళలో అందరూ రంగమనే అనేవారు. అక్కడి ధాన్యం రేవుల్లో మన వైపు నుంచి వెళ్ళిన కూలివాళ్ళు జ్వరం తగిలితే గట్టు మీదే పడి ఉంటారనీ, గుక్కెడు గంజి పోసే దిక్కుండదనీ వచ్చినప్పుడల్లా చెప్పేవాడు. మేం విని అయ్యో అనుకుని అన్నాలు తినేవాళ్ళం.

నా ఎనిమిదో ఏట కార్తీకంలో ఉప్పెన వచ్చింది. అప్పుడు అయ్య ఓడ మీద ఉన్నాడు, అమ్మ పుట్టింటికి దిండి వెళ్ళింది, ఇంట్లో నేనూ, అయ్యను కన్న తల్లి మా మామ్మా మాత్రమే ఉన్నాం. ముంగిట్లోకి నీళ్ళు రాగానే మామ్మ తన చీర సగం చింపి నన్ను కొబ్బరిచెట్టుకు కట్టి, నా వీపు మీదుగా తానూ ఆ చెట్టునే కావలించుకుని, మధ్యాహ్నం నుంచి నీళ్ళు తీసేదాకా నా చెవి దగ్గర నోరు పెట్టి నరసింహస్వామికి మొక్కుతూనే ఉంది. గాలి తగ్గేసరికి ఆమె గొంతు పూర్తిగా పోయింది. నాలుగు రోజులకు మాట వచ్చాక చెప్పింది, వీడు దక్కితే ఇంటిల్లిపాదీ రంగం వెళ్ళి, కూలీ నాలీ పుచ్చుకోకుండా, దిక్కులేని మన వాళ్ళకు ఒక ఏడు గంజి పోస్తామని మొక్కానని. ఓడ దిగివచ్చాక విని అయ్య ఎదురు చెప్పలేదు. మాఘంలో స్వామి కల్యాణం చూసుకుని ఓడ ఎక్కి, ఫాల్గుణ పున్నమి వెళ్ళిన నాలుగో నాడు రంగంలో దిగాం.

ఆ ఏడాది గురించి చెప్పమంటే ఏం చెప్పను. నది గట్టున తాటాకు పాక వేసి, అమ్మ గంజి కాచేది, మామ్మ కషాయాలు నూరేది, అయ్య పగలు రేవులో మా తిండికి సరిపడా పని చేసి, సాయంత్రం గట్టంతా తిరిగి పడిపోయిన వాళ్ళను భుజాన వేసుకొచ్చేవాడు. నా పని విసనకర్ర. అన్నట్టు, ఈ వయసులో కూడా ఎవరైనా పక్కన నిద్రపోతుంటే నా చెయ్యి దానంతట అదే విసరడం మొదలుపెడుతుంది, ఇంట్లో అందరూ నవ్వుతారు. పాకలోకి మోసుకొచ్చిన వాళ్ళలో కొందరు లేచి నడిచివెళ్ళారు, కొందరు లేవలేదు. లేచిన వాళ్ళు ఎప్పుడైనా ఒక పనసపండో, రెండు చేపలో తెచ్చి గుమ్మంలో పెట్టి పోయేవారు.

ఇక్కడ లెక్క సంగతి చెప్పాలి. మాకు చదువులు లేవు, సముద్రపు పోటూ పాటూ చూసుకునే వాళ్ళం గనుక కాలాన్ని కూడా పున్నమితోనే కొలిచేవాళ్ళం. పన్నెండు పున్నములన్నా, ఏడాది అన్నా మాకు ఒకటే. రెండు మూడేళ్ళకొకసారి ఒకే పేరుతో రెండు నెలలు వచ్చి ఆ ఏటికి పదమూడు పున్నములవుతాయని వినకపోలేదు గాని, అది ఫలానా నెల అని గుడి దగ్గర అయ్యవారు చెబితే తలూపడమే తప్ప మేం లెక్క వేసినది లేదు. రంగానికి అయ్యవార్లు రారు, పంచాంగమూ రాదు. మామ్మ పున్నమి పున్నమికి పాక వాసానికి ఒక గంటు పెట్టేది. గట్టు మీద ఉన్న మన వాళ్ళందరికీ పండుగ ఎప్పుడో ఆ గంట్లు చూసి మామ్మే చెప్పేది.

పదకొండు గంట్లయ్యాయి. పన్నెండోది పెట్టిన మూడో నాడు మా వైపు ఓడ బయలుదేరుతుందని తెలిసి ప్రయాణం కట్టాం. అదే ఆఖరి ఓడ. శివరాత్రి దాటితే గాలి దక్షిణానికి తిరిగిపోతుంది, ఇక మళ్ళీ కార్తీకం దాకా ఓడలు మన ఒడ్డుకు రాలేవు. మా లెక్కకు శివరాత్రి వెళ్ళి పక్షం కావస్తున్నా గాలి ఇంకా తిరగలేదేమిటా అని అయ్య రోజూ ఆకాశం వంక చూసి ఆశ్చర్యపోయేవాడు, అంతా స్వామి దయ అనుకున్నాడు. అమ్మకు అప్పుడు ఏడో నెల. కాన్పు మాత్రం మన నేల మీదే జరగాలని ఆమె పట్టుదల. నాకైతే ఆ పాకా, ఆ మూలుగులూ, ఆ గంజి వాసనా అన్నీ విసుగెత్తిపోయి, ఎప్పుడెప్పుడు అంతర్వేది ఇసకలో పరుగెత్తుదామా అని ఉండేది.

పున్నమికి ముందురోజు ఓడ గుమాస్తాగారు చోటు సంగతి మాట్లాడడానికి పాకకు వచ్చారు. ఆయన చదువుకున్నవారు, సంచిలో పంచాంగం పెట్టుకుని తిరిగేవారు. మామ్మ ఆయనకు మజ్జిగ ఇచ్చి, రేపు ఫాల్గుణ పున్నమితో మా మొక్కు తీరిపోతుంది బాబూ అని సంతోషంగా చెప్పింది. ఆయన గ్లాసు కింద పెట్టారు.

"పాల్గుణం ఏవిటమ్మా? రేపు మాఘ పున్నం. మన అంతర్వేదిలో స్వామి సముద్ర స్నానానికి బయల్దేరే రోజు. ఈ ఏడు శ్రావణాలు రెండొచ్చేయి కదా, మీకెవరూ చెప్పలేదా?"

ఎవరు చెబుతారు? ఆయన పంచాంగం తీసి వేలు పెట్టి చూపించారు, మేం అందులోకి తొంగిచూసి ఏమీ అర్థం కాకపోయినా తలలూపాం. ఆయన వెళ్ళాక గాని సంగతి బుర్రకెక్కలేదు. శ్రావణం తర్వాత వచ్చిన పండుగలన్నీ మేం నెల ముందే చేసేసుకున్నాం. దీపావళికి గట్టు మీద వాళ్ళందరిచేతా దీపాలు పెట్టించిన మామ్మ తల పట్టుకుని కూర్చుంది, అమ్మకు మొదట నవ్వొచ్చింది, తర్వాత రాలేదు. గాలి ఆలస్యం కాలేదు, మేమే ముందున్నాం.

అక్కణ్ణుంచి రెండు రోజులు మా పాకలో ఎవరికీ ఏమీ పాలుపోలేదు. పన్నెండు పున్నములూ అయ్యాయి, ఏడాది మాత్రం కాలేదు. ఇంకో నెల ఉందామంటే ఓడ పోతుంది, ఓడ పోతే ఇంకో నెలతో అయ్యేది కాదు, కార్తీకం దాకా కదలడానికి లేదు. పోదామంటే ప్రాణం కాపాడిన స్వామికి నెల ఎగవేసినట్టవుతుందేమో, ఆ ప్రాణం నాదే గనుక దాని ఫలితం నాకే తగులుతుందేమో అని భయం. అయ్య పొద్దున వెళ్దామనేవాడు, సాయంత్రం ఉందామనేవాడు. అమ్మ మూటలు కట్టేది, విప్పేది, ఎవరో అడిగారని ఇచ్చేసిన గంజి కుండను మళ్ళీ అడిగి తెచ్చుకుని, మళ్ళీ ఇచ్చేసింది. నేను మూటల మీద కూర్చుని, కట్టినప్పుడు సంతోషిస్తూ, విప్పినప్పుడు ఏడుస్తూ ఉన్నాను. ఆ గొడవలో మూలనున్న రోగికి ఎవరు గంజి పోశారో, అసలు పోశారో లేదో నాకు గుర్తులేదు.

చివరికి అయ్యకు ఒక ఆలోచన వచ్చింది. తర్వాత మనం మనలో ఏడాది అని చెప్పుకుంటే ఏం, ఆ రోజు స్వామితో ఏమన్నామన్నది కదా ముఖ్యం అన్నాడు. స్వామితో అన్నది మామ్మ. నీళ్ళ భయంలో నోటికి వచ్చినదల్లా మొక్కిన మామ్మకు తాను వాడిన మాట ఏదో గుర్తులేదు. ఆ మాట విన్నది ఇంకొక్కడే ఉన్నాడు. ముగ్గురూ నా వైపు తిరిగారు.

"ఒరే నాయనా, నీ చెవిలోనే కదరా మొక్కింది," అంది మామ్మ. "పన్నెండు పున్నాలన్నానా, ఏడాదన్నానా? బాగా గురుతు తెచ్చుకుని చెప్పు."

నేను మామ్మ వంక చూడలేదు, అమ్మ వంక చూశాను. అమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుని, నేల చూస్తూ నిలబడి ఉంది.

"పన్నెండు పున్నాలన్నావు మామ్మా."

అయ్య గట్టిగా ఊపిరి వదిలి, ఇంకేముంది, కట్టండి మూటలు అన్నాడు. మామ్మ నన్ను దగ్గరకు తీసుకుని నెత్తి నిమిరింది. నమ్మిందో లేదో ఆ ముసలి మొహంలో నాకు కనిపించలేదు.

ఓడ ఎక్కే రోజు అందరం గట్టు దిగాం. మామ్మ చేతిలో మాత్రం మూట లేదు. అయ్య అడిగితే అప్పుడు చెప్పింది.

"ఆడన్నది నేను కాదనటం లేదురా. నా మనసే ఒప్పటం లేదు. ఈ ఒక్క నెలా నేనుండి తీర్చేసి, కార్తీకం గాలికి వచ్చేస్తాను. కోడలిపిల్లని జాగ్రత్తగా తీసుకెళ్ళండి."

అయ్య బతిమాలాడు, కోప్పడ్డాడు, కాళ్ళు పట్టుకున్నాడు. పోనీ నేనూ ఉంటానంటే, ఏడో నెల మనిషిని సముద్రం మీద ఎవరికి అప్పగిస్తావురా అని కసిరింది. అవతల లంగరు ఎత్తుతున్నారు. ఓడ కదులుతుంటే ఆమె మా వైపు చూస్తూ నిలబడుతుందనుకున్నాను గాని, పాకలో ఎవరో పిలిచినట్టున్నారు, వెనక్కి తిరిగి గబగబా లోపలికి వెళ్ళిపోయింది.

మా చెల్లెలు అంతర్వేదిలోనే పుట్టింది. కార్తీకంలో ఓడ వచ్చిందని విని చంటిపిల్లను ఎత్తుకుని అందరం రేవుకు వెళ్ళాం. గుమాస్తాగారొక్కరే దిగారు. మామ్మ కులాసాగా ఉందని చెప్పి, కాస్త తటపటాయించి, "ఆ నెల ఇంకా అవలేదని చెప్పమన్నారు," అన్నారు. మరుసటి ఏడు అయ్య తానే తీసుకొస్తానని వెళ్ళాడు. అతనూ ఒక్కడే వచ్చాడు. పాక ఇప్పుడు రెండు పాకలయిందనీ, రమ్మంటే ఒక్కణ్ణి చూపించి వీడు లేచాక అంటుందనీ, వాడు లేచేలోగా ఇంకొకడు వస్తాడనీ చెప్పి, ఆ నెల ఇంకా అవలేదటే అని అమ్మతో నవ్వుతూ అనబోయి, గుమ్మంలోనే కూలబడి ఏడ్చాడు. మూడో ఏడు మామ్మకూ ఆ జ్వరమే తగిలిందన్న కబురు వచ్చింది. అప్పటికే ఆమె పోయి ఏడు నెలలయిందట.

ఇప్పటివాళ్ళకు ఇదంతా చాదస్తంగా ఉంటుంది. ఇంటింటా అచ్చు పంచాంగం ఉంది, నెల పేరు కోసం ఎవరూ తగువు పడనక్కరలేదు. పొగ ఓడ గాలి కోసం ఆగదు. మామ్మ ఈ రోజుల్లోనే ఉంటే ఆ నెల తీర్చేసి, మరునాడే టిక్కెట్టు కొనుక్కుని, వారం తిరక్కుండా ఇంటికొచ్చి మా చెల్లెలికి తలంటిపోసేది. మేం ఒక్క నెల కోసం తొమ్మిది నెలలు ఆగవలసిన కాలంలో పుట్టాం. నా ఈడు వాళ్ళు ఒకరిద్దరు తప్ప ఆ కాలం ఉండేదని నమ్మేవాళ్ళు కూడా లేరు.

అమ్మా అయ్యా బతికున్నన్నాళ్ళూ నన్ను మళ్ళీ ఆ మాట అడగలేదు. అడిగితే చెప్పేవాణ్ణేమో. ఆ ఉప్పెన రోజున నా చెవికి మామ్మ నోటి వేడి తగలడం నాకు బాగా గుర్తుంది, ఆమె వణుకు గుర్తుంది, నన్ను కట్టిన చీర ముడి ఒరుసుకుని మండిన చోటు కూడా గుర్తుంది. ఆమె అన్న మాట ఒక్కటే గుర్తులేదు. ఆ రోజు పాకలో ముగ్గురూ నా వైపు తిరిగినప్పుడు కూడా గుర్తులేదు.